వంగదేశపు దుంప

మా అపార్టుమెంటులో పై అంతస్తు పిల్ల మొన్న లిఫ్టులో నా సంచీలోకి తొంగి చూసి, "ఆంటీ, బంగాళాదుంప అంటే బంగ్లాదేశ్ నుంచి వచ్చిన దుంపా?" అని అడిగింది. ఇంట్లో వాళ్ళు పొటాటో అంటారట. తెలుగు టీచరు బంగాళాదుంప అని రాయించిందట. బంగ్లాదేశ్ కాదమ్మా, బెంగాలు, వెనకటి రోజుల్లో మనవాళ్ళు దాన్ని బంగాళా అనేవాళ్ళు అని చెప్పాను. "అయితే అక్కడే పుట్టిందా?" అంది. అంతలో లిఫ్టు ఆగింది, వాళ్ళమ్మ పిలిచింది, వెళ్ళిపోయింది. ఒకరకంగా మంచిదే అయింది. ఆ రెండో ప్రశ్నని చాలా ఏళ్ళ కిందట మా ఇంటి వసారాలో, పురోహితుడి ఎదుట, మా మామ్మ మా నాన్నని అడిగింది. ఆయన చెప్పిన జవాబు గురించి లిఫ్టులో నిలబడి చెప్పడం కుదరదు.

మా ఊరు కోనసీమలో ఉంది. గాలి ఇటు తిరిగితే సముద్రం హోరు వినపడేది. ఇంట్లో నలుగురం. మామ్మ, అంటే నాన్నని కన్నతల్లి, ఊళ్ళో హైస్కూల్లో సోషలు మాష్టారైన నాన్న, అమ్మ, నేను. తాతయ్య అప్పటికే పోయారు. వంట అమ్మ చేసినా వంటిల్లు మాత్రం మామ్మది. ఏ పూట ఏం వండాలో ఆవిడే చెప్పేది. ఆ వంటింట్లోకి ఉల్లిపాయ, వెల్లుల్లి ఎలాగూ రావు. వాటితోపాటు బంగాళాదుంప కూడా రాకూడదు. ఎందుకు మామ్మా అంటే మన పెద్దలు తినలేదు, అంతే అనేది.

అమ్మ రాజమండ్రి పిల్ల. పుట్టింట్లో బంగాళాదుంప వేపుడు తిని పెరిగింది. పెళ్ళై వచ్చాక కొన్నాళ్ళు నోరు కట్టుకుని, ఆ తరవాత దొడ్డివసారాలో బావి వైపు ఒక కిరసనాయిలు స్టవ్వు పెట్టుకుంది. ఆ స్టవ్వు మీద మూకుడు పెట్టి దుంప ముక్కలు వేయించేది. అంచులు ఎర్రబడుతుంటే కరివేపాకు దూసి వేసేది. ఆ చిటపటలు, ఆ వాసన, దాని వెనకే కాస్త కిరసనాయిలు వాసన, ఇప్పటికీ నాకు ఆ మూడూ కలిస్తేనే వేపుడు. మామ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. ఆ మూకుడు మాత్రం గడప దాటి లోపలికి రాకూడదు. అమ్మా నేనూ బావి పళ్ళెం మీద కూర్చుని తినేవాళ్ళం. ఒక్కోసారి నేను ఒక దుంప దొంగిలించి నీళ్ళపొయ్యి బూడిదలో కప్పెట్టి కాల్చుకునేదాన్ని. మూతికి మసి చూసి మామ్మ కనిపెట్టేసేది. తిట్టేది కాదు, ఆ పూట నన్ను తన మంచం మీద కూర్చోనిచ్చేది కాదు.

నాన్న ధోరణి వేరు. ఎవరేం తిన్నా ఆయనకి పట్టింపు లేదు, తప్పు మాట వింటే మాత్రం ఊరుకోలేరు. పంచాంగం చదివే పెద్దమనిషినైనా, పెళ్ళిలో ఉపన్యాసం ఇచ్చే బంధువునైనా ఆపి, అది అలా కాదండీ అనేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి భోజనాల దగ్గర మామ్మకి పాఠం చెప్పారట. బంగాళాదుంప దక్షిణ అమెరికాలో పుట్టింది, తెల్లవాళ్ళు ఓడల మీద తెచ్చారు, ఆ మాటకొస్తే నువ్వు రోజూ పోపులో వేసే మిరపకాయ కూడా అక్కడిదే, మిరియం ఘాటుగా ఉంటుంది, ఇదీ ఘాటుగా ఉంది కాబట్టి ఆ పేరే కాస్త మార్చి పెట్టుకున్నాం, అందుకే తద్దినం నాడు మిరపకాయ మానేసి మిరియం వేస్తారు అని. మామ్మ అంతా విని తనకి పనికొచ్చే ముక్క ఒక్కటే తీసుకుంది. అయితే అది సముద్రాల అవతలిదన్నమాట, ఇన్నాళ్ళూ నా దగ్గర కారణం లేదు, ఇప్పుడు నువ్వే ఇచ్చావు అందట. ఈ కథ అమ్మ చాలాసార్లు నవ్వుతూ చెప్పేది.

ఏడో తరగతిలో నేను నాన్న క్లాసులోనే ఉన్నాను. సోషలు పరీక్షలో బంగాళాదుంప జన్మస్థానం ఏది అని ఒక ఖాళీ ఇచ్చారు. నేను బంగాళాఖాతం అని నింపాను. నాకు అది న్యాయంగానే తోచింది. వానాకాలమంతా రేడియోలో ఆ పేరే వినేవాళ్ళం. ఒడ్డుకి కొబ్బరికాయలు కొట్టుకొచ్చినట్టు దుంపలూ కొట్టుకొస్తాయనుకున్నాను. నాన్న ఆ జవాబు క్లాసులో చదివి వినిపించారు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. పేరు చూసి పుట్టిన చోటు చెప్పకూడదు, ఆఖరున ఎక్కణ్ణించి వచ్చిందో మాత్రమే పేరు చెబుతుంది అని బోర్డు మీద రాయించి, నాకు సున్నా వేశారు.

ఇక తాతయ్య సంగతి చెప్పాలి. ఆయనకి కాకినాడలో కడుపు ఆపరేషను చేశారు. నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదన్నారు డాక్టర్లు. తాతయ్యకి ఆకలి. చిన్నపిల్లాడిలా ఆకలి ఆకలి అంటూనే ఉన్నారట. మామ్మ ఇంటి నుంచి క్యారియరులో పెరుగన్నం పట్టుకెళ్ళింది. నాన్న ఆ క్యారియరు తీసుకుని బయట వరండాలో పెట్టేశారు. తాతయ్య కొడుకుని పిలిచి, పోనీ సాయంత్రం పెడతారట్రా అని అడిగారు. నాన్న, లేదు నాన్నా, పెట్టరు అన్నారు. తాతయ్య మొహం గోడ వైపు తిప్పుకున్నారు. మర్నాడు పోయారు. క్యారియరు అలాగే ఇంటికొచ్చింది.

ఆ తరవాత మామ్మ నాన్నతో నేరుగా మాట్లాడటం తగ్గిపోయింది. దెబ్బలాటేమీ లేదు. మీ నాన్నని అన్నానికి రమ్మను, మీ ఆయన్ని పాలవాడితో చెప్పమను, ఇలా అమ్మ ద్వారానో నా ద్వారానో నడిచేది. నాన్న కూడా, మామ్మ కళ్ళజోడు బాగు చేయించాలేమో అడుగు అని నాతో అనేవారు. ఇద్దరూ ఒకే గదిలో ఉండగానే ఈ మాటలు నా మీదుగా అటూ ఇటూ వెళ్ళేవి. నాకు అది ఇంటి పద్ధతి అనిపించేది తప్ప వింతగా ఉండేది కాదు. మామ్మ తాతయ్య తద్దినం మాత్రం ప్రాణం పెట్టి చేసేది. అరటికాయ, కంద, కాకరకాయ, చామదుంపలు, రెండు పచ్చళ్ళు, గారెలు, పరమాన్నం. తాతయ్య పేరున విస్తరి ముందు కూర్చున్న భోక్తలు తింటుంటే తలుపు వార నిలబడి వాళ్ళ చేతుల వంక చూసేది.

తాతయ్య పోయిన మూడో ఏడు దీపావళికి ముందు తుఫాను వచ్చింది. ఆ గాలి గురించి చాలామంది చాలా చెప్పారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. తెల్లారి తలుపు తీస్తే కొబ్బరిచెట్లన్నీ దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపు పడున్నాయి. దొడ్డి అవతల ఉన్న లంక తోటలు మామూలుగా చెట్ల మాటున కనపడవు, ఇప్పుడు కనపడుతున్నాయి. మా ఇంటి పెంకులు సగం పోయాయి, గోడలు నిలబడ్డాయి. ఊరి మీదికి వచ్చిన ఉప్పునీళ్ళు మోకాలి లోతున నిలిచి, చాలా రోజులు కదల్లేదు. ఊరంతా ఒకటే వాసన: కుళ్ళిన గడ్డి, తడిసిన గోడ మన్ను, చచ్చిన పశువులు. కాకులు కూడా లేవు. మేం పిల్లలం మొదటి రెండు రోజులూ భయపడి, తరవాత పడిపోయిన కొబ్బరి బోదెల మీద నడుస్తూ ఊరు దాటే ఆట కనిపెట్టాం. చేతికందిన కొబ్బరిబొండాలు తాగాం. అది బాగుందనుకున్నాం కూడా. పెద్దవాళ్ళు ఎవరూ మమ్మల్ని ఆపలేదు.

పడిపోయిన అరటి గెలలే మొదట్లో అందరికీ తిండి. ఉడకబెట్టి తిన్నాం, పండాక తిన్నాం, మిగిలినవి కుళ్ళిపోయాయి. కంద మట్టిలో ఉంటుంది కదా అని తవ్వితే మెత్తబడి కంపు కొట్టింది. పాదులు, పందిళ్ళు ఏమీ మిగల్లేదు. అమలాపురం రోడ్డు రెండు చోట్ల తెగింది. కొన్నాళ్ళకి ఎక్కడివాళ్ళో దయతో పంపిన లారీ ఒకటి కాలవ గట్టు దాకా వచ్చి ఆగింది. అక్కణ్ణించి మనుషులు నెత్తిన మోసుకొచ్చి స్కూల్లో దించారు. బియ్యం, పప్పు, గోనెసంచుల నిండా బంగాళాదుంపలు. మాష్టార్లే పంచారు. నాన్న మా వాటా తెచ్చి దొడ్డివసారాలో పోశారు. మామ్మ వచ్చి చూసి, గాలీ బంగాళా నుంచే, దుంపా బంగాళా నుంచే అని లోపలికి వెళ్ళిపోయింది.

తాతయ్య తిథి కార్తీకం మొదట్లో. ఇంకా నీళ్ళు పూర్తిగా తియ్యలేదు. శాస్త్రిగారు పంచె పైకి దోపుకుని బురదలో నడుచుకుంటూ వచ్చారు. ఆయన తాతయ్యకి స్నేహితుడు, మామ్మని వదినగారూ అని పిలిచేవారు. ఆయన ఇంటి కప్పు మొత్తం లేచిపోయింది, గుడి మండపంలో కాపురం. వచ్చి అరుగు మీద కూర్చుని, ఈ ఏడు ఆమశ్రాద్ధం పెట్టేద్దామన్నారు. అంటే వండకుండా బియ్యం, పప్పు బ్రాహ్మడికి ఇచ్చెయ్యడం. ఆపత్కాలంలో దోషం లేదు, శాస్త్రం ఒప్పుకుంటుంది, మాష్టారికి కూడా తేలిక అన్నారు.

మామ్మ ఒప్పుకోలేదు. మామూలుగా శాస్త్రిగారి మాటకి ఎదురు చెప్పని మనిషి, వసారాలోకి వచ్చి నిలబడింది.

"ఆకలి ఆకలి అంటూ పోయిన మనిషండీ. ఆయనకి బియ్యం మూట కట్టి ఇస్తే ఏం చేసుకుంటారు? వేడన్నం, కూర విస్తట్లో పడాలి. ఒకరు కూర్చుని తినాలి. నేను చూడాలి."

నాన్న అక్కడే అరుగు చివర తడిసిన పుస్తకాలు ఎండలో విప్పి పెడుతున్నారు. ఆయన తల ఎత్తలేదు.

మినప్పప్పు డబ్బాలోకి నీళ్ళు వెళ్ళలేదు, గారెలు అవుతాయి, బెల్లం ఉంది, పరమాన్నం అవుతుంది, మరి కూర ఏదండీ వదినగారూ అన్నారు శాస్త్రిగారు. పచ్చళ్ళ జాడీలు కూడా పోయాయి. శాస్త్రిగారి చూపు దొడ్డివసారా వైపు వెళ్ళింది. అక్కణ్ణించి దుంపల కుప్ప కనిపిస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"వదినగారూ, బంగాళా అంటే ఏంటనుకున్నారు? వంగదేశం. సంకల్పంలో మనం భరతవర్షే భరతఖండే అంటాం కదా, వంగదేశం అందులోదే. పరదేశపు సరుకైతే సీమ అని చేర్చేవాళ్ళు పెద్దలు. సీమచింతకాయ అన్నారు, సీమవంకాయ అన్నారు. దీన్ని సీమదుంప అన్నారా? అనలేదు. బంగాళా అన్నారు. ఆలోచించండి."

మామ్మ నిజంగానే ఆలోచించింది. ఆవిడ మొహంలో అది తెలిసింది. వెంటనే కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, మా వాడు చెప్పాడండీ, అది సముద్రాల అవతలిదని, చదువుకున్నవాడు తప్పు చెప్పడు కదా అంది. అని, నాన్న వైపు తిరిగింది. నా వైపు కాదు, అమ్మ వైపు కాదు.

"ఏరా, నువ్వు చెప్పు. ఎక్కడిది అది?"

నాన్న చేతిలో స్కూలు అట్లాసు ఉంది. తడికి పేజీలు అంటుకుపోతే ఒక్కొక్కటీ విడదీస్తున్నారు. ఆ పని ఆపారు. ఆయన నా వంక చూడటం నాకు బాగా గుర్తు. నాకు జవాబు తెలుసునని ఆయనకి తెలుసు.

"మన ఒడ్డుకి బంగాళా నుంచే వచ్చిందమ్మా. కలకత్తా ఓడల్లో కాకినాడ రేవులో దిగేది."

"దిగడం కాదు. పుట్టింది అక్కడేనా?"

నాన్న మళ్ళీ పేజీ వైపు చూశారు. "పేరులోనే ఉందిగా అమ్మా" అన్నారు.

నేను నోరు తెరిచాను. అమ్మ వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేసి, వెళ్ళి నీళ్ళ బిందె ఖాళీగా ఉందేమో చూసిరా అంది. బిందె నిండుగానే ఉందని నాకూ తెలుసు, తనకీ తెలుసు. వెళ్ళాను.

తద్దినం నాడు పొద్దున్నే మామ్మ తడిబట్టతో మడి కట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుంది. కట్టెలన్నీ తడివే. ఇల్లంతా పొగ. నాలుగు దుంపలు పళ్ళెంలో పెట్టుకుని చాలాసేపు వాటిని చేత్తో దొర్లిస్తూ కూర్చుంది. ఎంతోమందికి వండి పెట్టిన మనిషికి వాటిని ఏం చెయ్యాలో తెలియలేదు. అమ్మ మడిలో లేదు కాబట్టి లోపలికి వెళ్ళకూడదు, ఇవతల నిలబడింది. నేను అమ్మ పక్కన ఉన్నాను.

"తొక్క తియ్యాలా?" అని అడిగింది మామ్మ, తల తిప్పకుండా.

"ఉడికాక తియ్యండి అత్తయ్యగారూ, తేలిగ్గా వచ్చేస్తుంది" అంది అమ్మ.

ఎంతసేపు ఉడకాలి, ఉప్పు ముందు వెయ్యాలా తరవాతా, ముక్క ఎంత ఉండాలి, అన్నీ అడిగింది. అమ్మ చెప్పింది. ఆవిడ అడగడం, అమ్మ చెప్పడం మా ఇంట్లో అదే మొదలు. అమ్మ గొంతు మెల్లగా మామూలు కంటే పెద్దదైంది. అడుగంటుతుంది, కలపండి అని కూడా అనేసి, నాలిక కరుచుకుంది. మామ్మ కలిపింది. కారం బదులు మిరియాలు, అల్లం, జీలకర్ర. పడిపోయిన కరివేప చెట్టుకి ఇంకా పచ్చిగా ఉన్న రెబ్బలు నేను తుంపి గడప మీద పెట్టాను. మూకుడులో అవి పడగానే పొగని తోసుకుంటూ ఒక వాసన వచ్చింది. తుఫాను తరవాత మా ఇంట్లో వచ్చిన మొదటి మంచి వాసన అదే.

ఇద్దరు భోక్తలు కావాలి, ఒక్కరే దొరికారు. పక్క ఊరి నుంచి నడిచొచ్చారు, కాళ్ళు బురదకి ఒరిసిపోయి ఉన్నాయి. రెండో స్థానంలో దర్భ వేశారు. నాన్న వేలికి దర్భ ఉంగరం, పవిత్రం పెట్టుకుని శాస్త్రిగారు చెప్పిందల్లా చేశారు. తద్దినం అంటే ఆయనకి పెద్ద నమ్మకం లేదు, ఏటా ఏదో తొందరలో ఉన్నట్టు కానిచ్చేవారు. ఆ ఏడు నెమ్మదిగా చేశారు. మామ్మే వడ్డించింది. వడ్డించి, తలుపు వారకి వెళ్ళి నిలబడింది.

ఆ భోక్త ఎన్నాళ్ళ నుంచి సరిగ్గా తినలేదో. భోజనం మధ్య మాట్లాడకూడదు, వంట బాగుందని అనకూడదు. ఆయన కూర అంతా తినేసి, విస్తట్లో కూర ఉన్న చోటుని వేలితో చూపించారు. మామ్మ మారు వడ్డించింది. మళ్ళీ చూపించారు. మళ్ళీ వడ్డించింది. చివర్లో నాన్న తృప్తేనా అని మంత్రంలో అడగాలి, ఆయన తృప్తి అని మంత్రంలో చెప్పాలి. ఆయన మంత్రం చెప్పి, ఆగి, తెలుగులో "తృప్తండి" అన్నారు. మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

మధ్యాహ్నం దాటాక మేం కూర్చున్నాం. తద్దినం వంట ఇంట్లోవాళ్ళు తినాలి, మామ్మ కూడా తినాలి. దుంప ముక్క ఒకటి అన్నంలో నలిపి నోట్లో పెట్టుకుంది. ఆవిడకి అప్పటికి పళ్ళు సగమే. ఇంత మెత్తగా ఉంటుందా అంది. కాసేపటికి, మజ్జిగ ఇంకొంచెం పోసుకోరా అని నాన్నతో అంది. నాన్న పోసుకున్నారు.

నా మార్కు సంగతి నేను వదల్లేదు. మర్నాడు నాన్న కాలవ గట్టు మీదికి బయల్దేరితే వెంటపడి అడిగాను. మీరే పేరులోనే ఉందన్నారు కదా, మరి నాకు సున్నా ఎందుకు వేశారు అని. నాన్న చాలా దూరం నడిచాక, పరీక్షలో అడిగింది వేరు, మామ్మ అడిగింది వేరు, ఆ మార్కు వెయ్యను అన్నారు. నాకు అప్పుడు అర్థం కాలేదు. కోపం వచ్చింది.

ఆ కార్తీకంలోనే ఒక మధ్యాహ్నం మామ్మ అరుగు మీద కూర్చుని లారీ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను పక్కన కూర్చుని అడ్డుపడుతున్నాను. ఉన్నట్టుండి, ఇంతకీ అది ఏ దేశందే అంది. ఏది మామ్మా అంటే, ఆ దుంప అంది. నేను బిత్తరపోయాను. బంగాళాదే, నాన్న చెప్పారుగా అన్నాను.

"మీ నాన్న సగం చెప్పి ఊరుకున్నాడు. వాడికి అది అబద్ధంతో సమానం" అంది మామ్మ, చేట కదుపుతూ. "ఆసుపత్రిలో ఆయన అడిగినప్పుడు, సాయంత్రం పెడతారు నాన్నా అని ఒక్క మాట అంటే ఏం పోయేది అనుకునేదాన్ని. వాడి నోటికి రాదు. మొన్న వచ్చింది. ఎంత కష్టపడ్డాడో చూశావా, చెవులు ఎర్రబడ్డాయి."

నేను అట్లాసు తెచ్చాను. ఎండి, పేజీలు అప్పడాల్లా వంకర తిరిగిపోయాయి. దక్షిణ అమెరికా పడమటి అంచున వేలు పెట్టి, అక్కణ్ణించి సముద్రం మీదుగా తెల్లవాళ్ళ దేశాలకి, అక్కణ్ణించి మళ్ళీ సముద్రం మీదుగా కలకత్తాకి, కలకత్తా నుంచి మన కాకినాడకి జరుపుకుంటూ వచ్చాను. మామ్మ కళ్ళజోడు సర్దుకుని నా వేలి వెంట చూసింది. అబ్బో, చాలా దూరం వచ్చింది పాపం, చివరి ఊరు పేరొకటే మిగిలింది అంది. కాసేపు బియ్యం ఏరి, తన సంగతి చెప్పింది.

ఊళ్ళో అందరూ మామ్మని పాలకొల్లమ్మగారు అనేవాళ్ళు. కోడలిగా పాలకొల్లు నుంచి వచ్చింది కాబట్టి. మామ్మది పాలకొల్లే అని మేమూ అనుకునేవాళ్ళం. ఆవిడ పుట్టింది అక్కడ కాదట. కోరుకొండట. పాకే వయసులో తల్లి పోతే, పాలకొల్లులో ఉన్న మేనమామ తీసుకెళ్ళి పెంచి, పెళ్ళి చేశాడు. ఈ ఊరొచ్చిన రోజు నుంచి పాలకొల్లు పిల్ల, తరవాత పాలకొల్లమ్మ, తరవాత పాలకొల్లమ్మగారు.

"ఎవరికీ చెప్పలేదా మామ్మా?"

"ఎవరు అడిగారే? మీ తాతయ్య అడిగారు, ఒక్కరే. పెళ్ళైన కొత్తలో."

నాన్నకి నేనే చెప్పాను. ఆయనకి తెలియదు. తల్లి పుట్టిన ఊరు తెలియదు.

వేసవి సెలవుల్లో, రోడ్లు బాగుపడ్డాక, మామ్మని కోరుకొండ తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఇల్లు ఎక్కడో మామ్మకి గుర్తులేదు, గుర్తుండే వయసు కాదు. ఇంటిపేరు చెప్పి ఇద్దరు ముగ్గుర్ని అడిగితే ఎవరికీ తెలియలేదు. కొండ మెట్లు ఎక్కలేనంది. కింద నీడలో కూర్చోబెట్టి నాన్న ఒక్కరే పైకెళ్ళి నరసింహస్వామి ప్రసాదం తెచ్చారు. ఏమీ జరగలేదు ఆ ప్రయాణంలో. ఎండ, దాహం, బస్సు కోసం ఎదురుచూపు. తల్లీ కొడుకూ దారి పొడుగునా ఏదో ఒకటి అనుకుంటూనే ఉన్నారు, ఎక్కువగా మామ్మ తిట్టడం, ఆయన వినడం. ఆవిడ ఆ తరవాత చాలా ఏళ్ళు ఉంది. ఇప్పుడు ఇద్దరూ లేరు. నాకు ఆ తిరుగు ప్రయాణమే ఎక్కువ గుర్తొస్తుంది. రాజమండ్రి బస్సులో మామ్మ పక్కన సీటులో ఒకావిడ కూర్చుని, మాటల్లో పడి, ఏ ఊరండీ మీది అని అడిగింది. మామ్మ వెనక సీటులో ఉన్న నాన్న వైపు ఒకసారి తిరిగి చూసి, "కోరుకొండండి" అంది.